మా బాబాయి ఫ్లెక్సీ మీద హోప్‌ఫుల్

మా బాబాయిని ఎమ్మెల్యే టికెట్ పోటీలోకి దింపింది పార్టీ కాదు, ప్రజలూ కాదు, నేను. పోయిన వారం సంగతిది, వినండి.

బాబాయి కంబదూరు దగ్గర మా ఊరికి సర్పంచి. శెనక్కాయ పంట ఎండిపోయినా ఆయన పుట్టినరోజుకు ఫ్లెక్సీ మాత్రం పడాల్సిందే. ఈసారి నన్ను పిలిచి, "ఒరే, కళ్యాణదుర్గంలో పిల్లోళ్లకు ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తాండావు కదా. ఒక ముక్క ఇంగ్లీష్‌లో పెట్టు, గట్టిగా ఉండాల" అన్నాడు.

ఊరికి ఆశ కల్పించే నాయకుడు అని రాయాలనుకున్నా. హోప్ అంటే ఆశ, ఫుల్ అంటే నిండుగా. బాగానే కుదిరిందని 'అవర్ హోప్‌ఫుల్ లీడర్' అని రాసిచ్చినా. ఫ్లెక్సీ షాపాయన బాబాయి ఫొటో నిలువెత్తున వేసి, ఎమ్మెల్యే ఫొటోను పైన మూలకు బొట్టుబిళ్లంత పెట్టినాడు. తీసుకుపోయి బస్టాండులో కట్టినాం.

సాయంత్రం ఎమ్మెల్యే ఎవరిదో పెళ్లికి పోతా దాని ముందర కారు ఆపించినాడంట. కాసేపటికే ఆయన పీఏ ఫోన్. బాబాయి స్పీకర్ ఆన్ చేసినాడు.

"ఏమప్పా, ఈసారి టికెట్ నీకే కావాలంటాండావంట?"

"ఎవరు చెప్పినారన్నా?"

"నువ్వే రాయించుకున్నావు కదప్పా. హోప్‌ఫుల్ అంటే ఆశ పెట్టుకున్నోడు. పేపర్లో ఆశావహులు అని రాస్తారే, అదే. సార్ పెళ్లికి కూడా పోకుండా కారు వెనక్కి తిప్పించినాడు."

బాబాయి నా తట్టు చూసినాడు. నేను ఫోన్‌లో డిక్షనరీ తీసినా. పీఏ చెప్పిందే ఉండాది.

వెంటనే నిచ్చెనేసి ఫ్లెక్సీ దించేసినాం. అదింకా పెద్ద తప్పయింది. ఎమ్మెల్యే మనుషులే బెదిరించి దింపించినారని ఊరంతా అనుకున్నారు. పొద్దున్నే జనం వచ్చి వాకిట్లో కూర్చున్నారు. "భయపడొద్దన్నా, మేముండాం" అంటాండారు.

బాబాయి మొదట, "అట్లాంటిదేం లేదప్పా, మావోడు ఇంగ్లీష్ తప్పు రాసినాడు" అన్నాడు. రెండో విడత టీ వచ్చేసరికి "చూద్దాంలే" అన్నాడు. మధ్యాహ్నానికి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, "పార్టీ నిలబడమంటే నేను కాదంటానా" అనేసినాడు.

నాకు కాస్త ధైర్యం వచ్చింది. వంటింట్లోకి పోయి, "చూసినావా పిన్నీ, నేను రాసింది తప్పు కాదు. ఒకరోజు ముందొచ్చింది, అంతే" అన్నా.

పిన్ని టీ గ్లాసులు కడుగుతా తలెత్తలేదు.

"అది సరేగానీ, నీ ట్యూషన్‌లో పిల్లోళ్లు ఎవరన్నా పాసవుతాండారా?" అని అడిగింది.