బండి దాటేదాకా

జోజిరెడ్డి ఫాదర్‌ది ఫిరంగిపురం. అమెరికాలో నెబ్రాస్కా మైదానంలో ఓ రైలు ఊరికి పంపినప్పుడు ఏడుపుమొహంతోనే వచ్చాడు. తీరా చూస్తే అక్కడున్నది పునీత జోజప్పగారి పేరున ఒకప్పటి కథెడ్రల్. తన పేరున్న పునీతుడే తనకంటే ముందొచ్చి కూర్చున్నాడని పొంగిపోయాడు. పదేళ్లు దాటాయి, ఆ గుడే ఆయనకి ఇల్లయింది.

పట్టాలు వేయడానికొచ్చిన ఐర్లండ్, జర్మనీ కూలీలు పని దిగాక సాయంత్రాల్లో కట్టుకున్న గుడి అది. రాయంతా రైల్లోనే వచ్చింది. స్థలం రైలు కంపెనీ ఊరికే ఇచ్చింది, అదీ పట్టాలను ఆనుకుని. అందుకని అక్కడో ఆచారం ఉంది. పూజ మధ్యలో గూడ్సు బండి వస్తే ఫాదర్ ఎంత మాట మీదున్నా ఆగిపోవాలి. బండి దాటేదాకా అందరూ లేచి నిలబడి, దాన్ని నడిపేవాళ్ల కోసం మనసులో పరలోక జపం చెప్పుకోవాలి. ఒకప్పుడు ఆ బండ్ల మీద ఉన్నది ఆ ఊరి ఆడవాళ్ల మొగుళ్లూ అన్నదమ్ములే మరి.

ఆ బండ్ల అదురుకే ఇప్పుడు గోడలు బీటలు వారాయి. గుడి మూసేస్తున్నామని, ఆదివారం పూజలో ఆ సంగతి మీరే చెప్పాలని బిషప్పుగారు ఫోన్ చేశారు. ఏం, ఆయనే వచ్చి చెబితే అరిగిపోతారా? జోజిరెడ్డి ఒక్క ఏడాది ఆగమని బతిమాలాడు. గోడ కూలి ఎవరైనా పోతే జవాబు మీరు చెబుతారా అన్నారాయన. ఇక మాట్లాడ్డానికేముంది?

జోజిరెడ్డికి కంటిమీద కునుకు లేకుండా చేసింది మార్గరెట్. ఆ గోడలకి రాళ్లు మోసినవాడి మునిమనవరాలు, ముసలిది. "నేను పోతే నన్ను ఈ గుమ్మంలోంచే మోసుకెళ్లాలి" అని ఆమె ఎప్పుడో అడిగితే, అదెంత భాగ్యం అని నవ్వుతూ మాటిచ్చేశాడు.

శనివారం చక్రపాణి పులిహోర తెచ్చాడు. అతనిది రైలు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని. ఊళ్లో ఇంకో తెలుగువాడు లేడు.

"రేపు పూజ టైముకి గూడ్సు ఏమైనా ఉందా చక్రపాణీ?"

"బొగ్గు బండి ఉంటది ఫాదర్, చానా పొడుగు. టైమ్ కన్ఫర్మ్ చెయ్యాల్నా?"

"వద్దులే. వస్తే చాలు."

వచ్చింది. ఆదివారం ప్రసంగం ముగించి, "మన గుడి గురించి ఒక మాట" అన్నాడో లేదో కూత వినబడింది. జనం లేచారు. మార్గరెట్ కూడా బల్ల పట్టుకుని లేచింది. ఇన్నేళ్లలో మొదటిసారి జోజిరెడ్డి ఆ బండివాళ్ల కోసం జపం చెప్పలేదు. ప్రభువా, ఈ బండి అయిపోకుండా చూడు, అని దేబిరించాడు. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. గోడ మీంచి సున్నం రాలింది. ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది.

అందరూ కూర్చుని ఆయన మొహం చూశారు. చెప్పేశాడు.

మార్గరెట్ మళ్లీ లేచింది.

"మరి నన్నెక్కణ్ణించి మోస్తారు ఫాదర్?"

జోజిరెడ్డి పట్టాల వైపు చెవి పెట్టాడు. ఇంకొక్క బండి, ఎంత చిన్నదైనా సరే. ఏదీ రాలేదు. ఆమె నిలబడే ఉంది.