ఇప్పుడు లేదా, ఎప్పుడూ లేదా?

"మీ సార్ లేడమ్మా" అన్నారు ఫోనెత్తిన అమ్మగారు, మా సార్ భార్య. పోయిన శుక్రవారం పొద్దున ఆళ్లగడ్డ బస్టాండులో ఉన్నాను, చుట్టూ ఒకటే హారన్లు. "యాడికి పోయినారమ్మా? ఎప్పుడొస్తారు?" అన్నాను. అవతల ఏడుపు వినిపించింది. మా గురువుగారు హుసేన్ సార్ దివంగతులయ్యారని నాకు తెలిసింది అలాగ. ఆ రెండు ప్రశ్నలూ అడిగిన నా నోటిని ఎంత తిట్టుకున్నానో!

నంద్యాలలో పీజీలో మాకు ఇంధన విధానం, అభివృద్ధి అనే శాస్త్రాన్ని బోధించిన ఆచార్యులాయన. పాండిత్యం అపారం, చేతిరాత మాత్రం కోడి గెలికినట్టుండేది. ఆళ్లగడ్డలో వాళ్ల నాయనది నీటి మోటార్లు బాగుచేసే అంగడి. "కాలిన మోటారు బాగుజేసేది మా నాయనకు తెలుసు. అది మళ్లీ మళ్లీ యెందుకు కాల్తాండాదో తెలుసుకుందామని నేను సదువుకున్యా" అనేవారు.

నా పరిశోధన చాగలమర్రి దారిలో ఒక పల్లె మీద. ఇల్లిల్లూ తిరిగి "మీ ఇంట్లో కరెంటుందా?" అని అడిగాను. ఒక వీధి వీధంతా "లేదు" అంది. ఇంకేం, చీకట్లో మగ్గుతున్న ఆ అభాగ్యుల మీద కన్నీళ్లు కారేలా ఒక అధ్యాయం రాసిపారేశాను. సమర్పణకు వారమే గడువు. ఆ ఏడు పట్టా రాకుంటే చదువు చాలించి మా బట్టల అంగట్లో కూర్చోవాలని నాయన ముందే తేల్చేశాడు.

సార్ చదివి, కళ్లద్దాలు తీసి, "ఆ వీధికి ఏ యాళకు పోయినావమ్మా?" అన్నారు.

"మధ్యాహ్నం సార్."

"అప్పుడు కరెంటు పోయిందేమో?"

ఒకామె నెత్తిమీది ఫ్యాను వంక చూసి మరీ "లేదు" అనడం అప్పుడు గుర్తొచ్చింది. నేనడిగింది కనెక్షను గురించి, ఆమె చెప్పింది ఆ నిమిషం సంగతి. సిగ్గుతో, కోపంతో "ఆ వీధి తీసేస్తా సార్, ఎవరికి తెలుస్తాది?" అన్నాను.

"తీసేస్తే ఆడ మనుషులే లేనట్టు గదమ్మా" అన్నారు, అంతే. తెల్లారి నాతోపాటు బస్సెక్కారు, మోకాళ్ల నొప్పులతో.

ఫ్యానామె మమ్మల్ని చూసి పగలబడి నవ్వింది. "ఏందమ్మా, ఆ పొద్దు లేదు, లేదంటి. ఎప్పుడూ లేదంటినా?" సార్ నవ్వలేదు. "ఎప్పుడెప్పుడు పోతాదమ్మా?" అని అడిగి, ఆమె గడప మీదే కూర్చున్నారు. పప్పు నానబెట్టుకుని గ్రైండరు ముందు కాచుకునే పొద్దులన్నీ ఆమె చెబుతూ పోయింది. నా కన్నీటి అధ్యాయం చెత్తబుట్టకు పోయి, ఆ మాటలే కొత్త అధ్యాయమయ్యాయి. ఆఖరి రోజున సమర్పించాను, పట్టా వచ్చింది. ఆ రోజు తిరుగు బస్సులో సార్ అన్నది ఒకటే: "లేదు అంటే రాసుకోవద్దు. ఇప్పుడు లేదా, ఎప్పుడూ లేదా? ఆ రెండో మాట అడుగు."

నిన్న నంద్యాలలో వాళ్లింటికి వెళ్లి, ఫోనులో అన్న మాటలకు క్షమించమని అమ్మగారి చేతులు పట్టుకున్నాను.

"యెందుకమ్మా? నువ్వు ఎప్పుడొస్తారు అంటివే, ఆ ఒక్క గడియ మీ సార్ బజారుకు పోయినట్టే ఉన్యాడు నాకు" అన్నారామె.

గురువర్యా, మీవంటి గురువు మళ్లీ నాకు దొరకరు. మీరు నేర్పిన రెండో ప్రశ్న ఆ పొద్దు ఫోనులో నాకు తెలీకుండానే అడిగాను. ఈసారి జవాబు రాసుకోవడానికి చెయ్యి రావడం లేదు.