ఆమెకు మన మాట రాదన్నాను

తొమ్మిదేళ్లుగా ఒక మాట నాకు అరగకుండా ఉంది. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది ఎమ్మిగనూరు. హైదరాబాదులో డబ్బింగ్ చెప్పుకుని బతికాను. ఆదోని నుంచి వచ్చిన ఒక నటికి, మొదటి సినిమా నుంచి సీరియళ్ల దాకా, తెర మీద వినిపించే గొంతు నాదే. ఆమె మాట్లాడితే సీమ యాస దొర్లుతుందని నన్ను పెట్టారు. నా యాసను నేనెప్పుడో నోట్లోనే నొక్కేసుకున్నాను మరి. మైకు దాటి బయటికొస్తే మాత్రం ఇద్దరిదీ మా సీమ మాటే. నన్ను అక్కా అనేది, నేను ఆమెను మే అని పిలిచేదాన్ని. ఆదివారాలు నా గదికొచ్చి ఉగ్గాణి చేయించుకుని తినేది.

ఒకసారి టీవీలో ఎవరో ఆమె గొంతు మెచ్చుకుని, సొంత గొంతేనా అని అడిగారు. ఆమె నవ్వి అవునన్నట్టు తలూపింది. నేను అన్నం ముందు కూర్చుని చూస్తున్నాను. చెయ్యి కడిగేసుకున్నాను. పన్నెండేళ్లు ఆమె ఏడుపులన్నీ నేను ఏడ్చాను కదా, మా అక్క డబ్బింగ్ చెప్తుందని ఒక్క ముక్క అంటే ఆమె సొమ్మేం పోయేది? అడగలేదు. అడిగి ఉంటే కొట్లాడుకుని, ఏడ్చి, కలిసిపోయేవాళ్లమేమో. కడుపులో కత్తులు పెట్టుకుని మళ్లీ ఆదివారం ఉగ్గాణి వడ్డించాను.

కొన్నాళ్లకు ఒక దర్శకుడు ఫోన్ చేశాడు. ఆదోని పత్తి మార్కెట్లో పనిచేసే ఆడమనిషి కథ. డబ్బింగ్ ఉండదు, షూటింగులో పలికిందే ఉంచుతారు. ముఖ్య వేషానికి ఆమెనే అనుకుంటున్నాడు. ఆమె నోట సీమ మాట అతనెప్పుడూ వినలేదు కాబట్టి నన్నడిగాడు, సీమ మాట ఇంకా వస్తుందా అని.

ఎప్పుడో మర్చిపోయిందండీ, ఇప్పుడు పలికితే ఎగతాళిలా ఉంటుంది అన్నాను. ఎంత శుభ్రమైన తెలుగులో అన్నానో.

వేషం ఇంకొకామెకు పోయింది. ఆమెకు పేరొచ్చింది. మా ఆదోని పిల్ల సీరియళ్లలో అత్తగా, పిన్నిగా, చివరికి దండేసిన ఫోటోలో అమ్మగా మిగిలి, మానేసి ఆదోని చేరింది. నేనూ మా ఊరికి తిరిగొచ్చేశాను.

పోయిన నెల ఆదోని నుంచి బస్సెక్కి, ఎమ్మిగనూరులో మా ఇంటికొచ్చింది. కూర్చున్నాక మెల్లగా చెప్పింది.

"నాకు మన మాట రాదని ఎవురో సెప్పినారంటక్కా ఆ సినిమావోల్లకు. మొన్న తెలిసె. ఈడ పుట్టినదాన్ని, నాకు రాదంట. నువ్వుంటివి గదా ఆడ. నిన్నడిగింటే నిజం సెప్పేదానివి. నిన్నెందుకడగలేదో."

"అవును మే, నన్నడిగింటే బాగుండు" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? నిజం చెప్పాలంటే, ఆ ఇంటర్వ్యూ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అది ఆమెకు గుర్తయినా ఉందో లేదో. ఆమెను బస్సెక్కించి వచ్చిన రోజు నుంచి ముద్ద దిగడం లేదు. క్షమించమని ఆమెను అడిగే ముఖం నాకు లేదు, మిమ్మల్ని అడగడానికి మీరు ఆమె కాదు. ఆమె ముందు రాని మాట ఇక్కడైనా అనేస్తే కాస్త ఊపిరాడుతుందని రాస్తున్నాను.

నన్నే అడిగినారు మే. నేనే సెప్పినాను.