టేపక్క కొలతలు, టీవీ పెత్తనం

మా వదినను ఆమె దగ్గరికి వచ్చే ఆడవాళ్లంతా టేపక్క అంటారు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. భోజనానికి కూర్చున్నా అది మెడలోనే వేలాడుతూ ఉంటుంది. నేను ఎగతాళి చేస్తే, "నీ నాలుక పొడవు కొలుద్దామనే ఉంచుకున్నా" అంటుంది. ఆడపడుచును కాబట్టి ఆ మాత్రం పడక తప్పదు.

ఆమె కుట్టేది అందరూ కుట్టే బట్టలు కాదు. రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్లకు లోపల వేసుకునే బాడీలు కుడుతుంది. తీసేసిన వైపు మెత్తటి దిండులాంటిది అమర్చి, పైన ఏం వేసుకున్నా రెండు వైపులూ ఒక్కలా కనబడేట్టు చేస్తుంది. షాపుల్లో కొన్నవి గుచ్చుకుంటున్నాయనో, నడుస్తుంటే జారిపోతున్నాయనో విసిగిపోయినవాళ్లు ఒకరిని అడిగి ఒకరు ఆమె దగ్గరికి వస్తారు. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. ఒక మిషను, బట్ట పరిచే బల్ల, మూలన తెర, తెర వెనక నిలువుటద్దం. అక్కడ విన్న మాటను ఆమె మా అన్నయ్యకు కూడా చెప్పదు.

ఉత్త అంకెలతో పని జరగదని ఆమె అంటుంది. ఆపరేషన్ తర్వాత ఒక భుజం కాస్త కిందికి దిగుతుందట, ఆ వంపు టేపుకు అందదట. అందుకని టేపు చుట్టి ఉండగానే మెడ కింది నుంచి ఫోన్లో ఫోటో తీసుకుని, కత్తెర పట్టేటప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకుంటుంది. ముఖం మాత్రం రానివ్వదు. ముఖం లేనిది మనిషి ఎవరో ఎవరికి తెలుస్తుందని ధీమా. ఆ ధీమాయే కొంప ముంచబోయింది.

అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు. కొత్త టీవీ కొన్నప్పుడు అది ఏదో ఖాతా అడిగితే, చేతికందిన వదిన ఖాతా ఇచ్చేశాడు. టీవీ ఊరికే ఉన్నప్పుడు తెర నల్లగా ఉండకుండా ఇంట్లోవాళ్ల ఫోటోలు తిరుగుతుంటాయని మురిసిపోయాడు కూడా. వదిన తీసే ప్రతి ఫోటోను ఆమె ఫోన్ దానంతటదే ఆ ఖాతాలోకి పంపి దాచిపెడుతోందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య సోఫాలో గుర్రు పెడుతున్నాడు. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. మా మేనకోడలు, దాని స్నేహితురాళ్లు వంటింట్లో నీళ్లు తాగుతూ గోల చేస్తున్నారు. ఉన్నట్టుండి టీవీలో సన్నగా సంగీతం మొదలై, 'మధుర క్షణాలు' అని అక్షరాలు వచ్చాయి. మేనకోడలి పుట్టినరోజు ఫోటో, దాని స్కూలు వార్షికోత్సవం ఫోటో, ఆ తర్వాత ఒక ఆడమనిషి ఒళ్లు. ఒక వైపు కుట్ల మచ్చ, చుట్టూ టేపు. ఆమె వెనక అద్దంలో, భుజం మీదుగా వెనక్కి తిరిగి నవ్వుతున్న ఆమె ముఖం. మేనకోడలికి లెక్కలు చెప్పే టీచరమ్మ ముఖం.

ముఖం రాకుండా వదిన చూసుకుంది కానీ అద్దాన్ని మరిచిపోయింది. ఫోటోలు దాచే ఆ యాప్ మాత్రం మరిచిపోలేదు. అద్దంలోని ముఖాన్ని, వార్షికోత్సవం ఫోటోలో పిల్లల పక్కన నిలబడ్డ ముఖాన్ని పోల్చుకుని, పాట పెట్టి మరీ చూపిస్తోంది.

వంటింట్లోంచి అడుగుల చప్పుడు వస్తోంది. రిమోట్ అన్నయ్య వీపు కింద ఉంది. ఒక్క ఉరుకున వెళ్లి టీవీ వైరు పీకేశాను.

"అత్తా, పాట వినిపించింది, ఎందుకు ఆపేశావ్?" అంది మేనకోడలు లోపలికి వస్తూనే.

"కరెంటు పోయిందే."

"ఫ్యాను తిరుగుతోందిగా!"

"నోరు మూసుకుని బయటికెళ్లి ఆడుకో" అన్నాను. వాళ్లు వెళ్లగానే ముందుగదిలో వదిన దగ్గరికి పరిగెత్తాను.

టీచరమ్మ నడుంనొప్పి అని సెలవు పెట్టి ఆపరేషన్ చేయించుకుంది, ఆ మాట తర్వాత ఆమే నాకు చెప్పింది. స్కూల్లో ఒక్క మనిషికి తెలియదు. ఆ పిల్లలు ఇంకాస్త ముందు వచ్చి ఉంటే తెల్లారేసరికి స్కూలంతా తెలిసిపోయేది. సంగతి చెప్పగానే వదిన మిషను ముందు కూలబడింది.

అన్నయ్య లేచి, "అంత కంగారెందుకు? ఆ యాప్ వాడు ఫ్రీగా దాచిపెడుతున్నాడు కదా" అన్నాడు.

"దాచేవాడు దాచి ఊరుకోవాలి. తెరిచి చూసి, ముఖాలు ఏరి, పాట పెట్టమని వాడికెవరు చెప్పారు?" అని వదిన ఇంతెత్తున లేచింది. టీవీని ఆ ఖాతా నుంచి తీసేసేటప్పుడు అన్నయ్య రిమోట్ నాకిచ్చి, తను గోడవైపు తిరిగి నిలబడి, ఎక్కడ నొక్కాలో చెప్పాడు. మా అన్నయ్య మంచివాడని నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంటుంది.

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే అమ్మాయికి ఫోన్ చేశాను. ఖాతా అడగని, నెట్ అడగని ఫోటోల యాప్ ఒకటి ఉందని, ఫోటో ఫోన్ దాటి బయటికి పోదని చెప్పింది. "నమ్మకం లేకపోతే నెట్ ఆపేసి చూడండి, అయినా పనిచేస్తుంది" అంది. ఫోటోలన్నీ అందులోకి మార్చి, పాతచోట తుడిచి, అక్కడి చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాం. కుట్టించుకునేవాళ్లతో మెసేజ్‌లకు కూడా ఆ అమ్మాయి చెప్పిన వేరే యాప్ పెట్టుకున్నాం. అందులో పాత మాటలు వాటంతటవే చెరిగిపోతాయి. ఇంకో యాప్ ఎక్కడ వేసుకునేదని వాళ్లలో కొందరు సణిగారు. ఎవరి ఫోటో ఎక్కడుందో ఇప్పుడు తనే వెతుక్కోవాలని వదిన కూడా సణిగింది. సణుగుతూనే ఆ సాయంత్రం నెట్ ఆపేసి, ఫోటోలు తెరుచుకుంటున్నాయో లేదో మళ్లీ మళ్లీ చూసుకుంది. తెరుచుకున్నప్పుడల్లా హమ్మయ్య అనుకుంది. నాకూ గుండెల మీది బరువు దిగింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ టీచరమ్మకు చెప్పి తీరాలంది వదిన.

"ఎవరూ చూడలేదుగా వదినా, చెప్పి ఆవిడను బాధపెట్టడం దేనికి?"

"నువ్వు చూశావుగా" అంది.

టీచరమ్మ కుట్టిన బాడీ వేసి చూసుకుని, రెండో కొలత ఇవ్వడానికి వచ్చినప్పుడు వదిన ఏమీ దాచకుండా చెప్పేసింది. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"పిల్లలు చూశారా?"

"లేదండీ. మా ఆడపడుచు ఒక్కతే. ఇదిగో, ఈమె."

ఆమె నావైపు చూసింది. తలెత్తలేకపోయాను. "వైరు పీకేశానండీ. కరెంటు పోయిందని చెప్తే, ఫ్యాను తిరుగుతోందిగా అని మీ స్టూడెంటే పట్టేసింది" అన్నాను.

ఆమె ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వదిన నీళ్లిచ్చి, నెట్ ఆపిన ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "మీ ఫోటో మీరే తీసేయండి, నేను మళ్లీ కొలుచుకుంటా" అంది. టీచరమ్మ చాలాసేపు చూసుకుని తీసేసింది. వదిన తెర వెనక అద్దం మీద దుప్పటి కప్పింది.

నేను బయటికి వెళ్లబోతూ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. కొత్త బాడీ వేసుకుని, తెర పట్టుకుని నిలబడ్డ టీచరమ్మ నన్ను పిలిచింది.

"మీరు కూడా వచ్చి చూడండమ్మా. టేపక్క ఎలాగూ బాగుందనే అంటుంది. రెండు వైపులూ ఒక్కలా ఉన్నాయో లేదో మీరు చెప్పండి."

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.