కిటికీ సందులో ఉత్తర సముద్రం

ఇది నిజానికి మహాకావ్యం కావలసిన కథ. భూగోళానికి ఆ చివర ఐరోపా దేశాలు ఉత్తర సముద్రం నడుమ గాలిమరల అడవులు నాటుతుంటే, ఈ చివర న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఒక స్త్రీ ఆ సముద్రం నాడి పట్టుకుని కూర్చుంది. ఇందులో ఉప్పెన ఉంది, ప్రాణాపాయం ఉంది, పశ్చాత్తాపం ఉంది. ఇలా మొదలుపెడదామనే అనుకున్నాను. కాని అంత లేదు. ఉప్పెన రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు, ఆవిడ కూర్చున్న కుర్చీకి ఒక చక్రం ఊడిపోయి ఉండేది. ఇది ఒక కిటికీ ఈల వేయడం గురించిన కథ.

పోయిన మంగళవారం పొద్దున మా ఆఫీసు కిటికీ ఈల వేసింది. వెల్లింగ్టన్‌లో దక్షిణపు గాలి లేచిన రోజున విరిగిన గొడుగులు చెత్తడబ్బాల్లో కాళ్ళు పైకి పెట్టి కనిపిస్తాయి. మా ఐదో అంతస్తు కిటికీ అయితే, చట్రానికీ గాజుకూ మధ్య ఉన్న సందులోంచి, కుక్కరు మొదటి విజిల్‌కు ముందు తీసే సన్నటి కూతలాంటిది మొదలుపెడుతుంది. రెండేళ్ళుగా ఆ కూత నా చెవిన పడలేదు. వినగానే అల్లం టీ వాసన వచ్చింది. ఆఫీసులో అల్లం టీ తాగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, ముక్కు తనంతట తానే గుర్తు చేసుకుంది. కిందికి చూస్తే కార్పెట్ మీద ఒక మడత కాగితం పడి ఉంది, ఎండ తగిలిన వైపు పసుపుగా, తగలని వైపు తెల్లగా. అది హైమవతి గారు పెట్టిన కాగితం.

జ్ఞాపకాలు అనగానే దండ వేసిన ఫొటో ఊహించుకునే వాళ్ళుంటారు కాబట్టి ముందే చెబుతున్నాను, హైమవతి గారు నిక్షేపంలా ఉన్నారు. ఉద్యోగం మానేసి ఆక్లండ్ పక్కన హాబ్సన్‌విల్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పులూ, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే మనవరాలూ తప్ప ఆవిడకు వేరే కష్టాలు లేవు. కాకినాడలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవారు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి, నలభై దాటాక మళ్ళీ పుస్తకాల సంచీ తగిలించుకుని వాతావరణ శాస్త్రం చదివారు. ఆ తర్వాత పాతికేళ్ళ పిల్లలతో పోటీపడి మా కంపెనీలో చేరారు.

మా కంపెనీ గొప్పతనం ఒక్కటే: ఐరోపా నిద్రపోతున్నప్పుడు మేం మేలుకుని ఉంటాం. అక్కడి సముద్రంలో నిలబెట్టిన గాలిమరలకు గాలి ఉంటే కరెంటు, గాలి లేకపోతే రిపేరు. రిపేరు చేసేవాళ్ళు తెల్లవారుజామున పడవెక్కి వెళ్ళి, పడవ ముక్కును ఉక్కు స్తంభానికి ఆనించి, అల పైకి లేచిన క్షణంలో నిచ్చెన మీదికి అడుగు వేస్తారు. అల భుజం ఎత్తు దాటితే ఆ అడుగు వేయకూడదు. దిగడానికీ అంతే. అందుకని, వాళ్ళు నిద్ర లేచేసరికి, ఆ రోజు సముద్రం ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా బుద్ధిగా ఉంటుందో ఒక పేజీలో రాసి పంపాలి. దాన్ని మేం షీటు అంటాం. మా సాయంత్రం వాళ్ళ తెల్లవారుజాము కాబట్టి, ప్రపంచంలో ఇంత ప్రమాదకరమైన పనికి ఇంత సుఖమైన వేళల్లో సాయపడేవాళ్ళం మేమే అయ్యుంటాం.

నేను కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, పెట్రోల్ బంకులో రెండేళ్ళు మాంసం కూరిన పైలు అమ్మి, చివరికి ఈ ఉద్యోగంలో పడ్డాను. అప్పటికి నేను సముద్రాన్ని దగ్గరగా చూసింది ఒకేసారి, అదీ కాలేజీ టూరులో, చెప్పులు పోగొట్టుకుని. మొదటి రోజు ఆవిడను చూడగానే అలవాటు కొద్దీ "నమస్తే ఆంటీ" అన్నాను.

"ఆఫీసులో ఆంటీ ఏంటి నాయనా? నీ పెళ్ళికి వచ్చి భోజనం చేస్తానే, అప్పుడు అను ఆంటీ అని," అన్నారు. తర్వాత ఫ్లాస్కులోంచి నాకూ ఒక కప్పు టీ పోసి, "సముద్రం అంటే భయమా?" అని అడిగారు.

"భయం ఎందుకు మేడమ్, నేనేమన్నా పోతున్ననా అక్కడికి?"

"అందుకే భయపడాలి. వెళ్ళేవాడు చూసుకుని అడుగేస్తాడు. కూర్చుని చెప్పేవాడే కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు."

ఆవిడ పద్ధతి ఒకటి ఉండేది. షీటు పంపే ముందు దాన్ని అచ్చు తీయాలి. రాసినవాడు లేచి నిలబడి బయటికి చదవాలి, ఇంకొకరు వినాలి, విన్నవాళ్ళు సంతకం పెట్టాలి. చదవడానికి ముందు రెండు ప్రశ్నలు. మొదటిది, "ఇప్పుడు అక్కడ టైమెంత?" రెండోది, "పడవలో ఎంతమంది?" కంపెనీ షీటులో మనుషుల లెక్కకు గడి లేదు. ఆవిడే కాగితం పైమూలన ఎర్ర పెన్సిల్‌తో ఆ అంకె వేసి చుట్టూ సున్నా చుట్టేవారు. మా బాస్ గ్రెగ్, ఎండాకాలం చలికాలం తేడా లేకుండా నిక్కరుతో తిరిగే మంచి మనిషి, కాగితం దండగ అని మొదట్లో గొణిగేవాడట. ఒకసారి ఆవిడ చదువుతుంటే నిలబడి విని, ఇంకెప్పుడూ గొణగలేదట.

ఆవిడ చేరినప్పుడు రోజుకు ఒకే ఒక్క షీటు. ఒడ్డు మీద ఐస్‌క్రీమ్ తింటూ లెక్కపెట్టగలిగినన్ని గాలిమరలు, అంతే. తర్వాత తర్వాత బ్రిటన్, డెన్మార్క్, జర్మనీ పోటీపడి సముద్రంలోకి నడిచాయి. ఒడ్డుకు కనిపించనంత దూరంలో స్తంభాలు లేచాయి, రెక్కలు ఏడాదికేడాది పొడుగయ్యాయి, రిపేరు వాళ్ళు రెండేసి వారాలు అక్కడే పడుకుని పనిచేసే ఓడలు వచ్చాయి. నేను వచ్చేనాటికి ఆవిడ గోడ మీది పటంలో గుండుసూదులు గుచ్చడానికి నీలం రంగు మిగల్లేదు. విచిత్రం ఏమిటంటే, ఆ సముద్రాన్ని మా ఆఫీసులో చూసినవాళ్ళు ఎవరూ లేరు. పోనీ ఇక్కడ చూద్దామా అంటే, న్యూజీలాండ్ సముద్రంలో ఒక్క గాలిమరా లేదు. దాని గురించి మీటింగులు మాత్రం పుష్కలంగా ఉన్నాయి.

షీట్లు పెరిగేకొద్దీ నా తెలివి కూడా పెరిగింది. వేళలన్నీ మా టైములోంచి వాళ్ళ టైములోకి చేత్తో మార్చి రాయడం ఎందుకని, నేనే కంప్యూటర్లో ఒక స్క్రిప్ట్ రాశాను. మీట నొక్కితే షీటు తయారు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి చూసి, "బాగుంది. మరి చదవవా?" అన్నారు.

"చదువుడు ఎందుకు మేడమ్? అది తప్పు చెయ్యదు."

"అది చెయ్యదులే. నేను అడుగుతోంది నీ గురించి."

అక్టోబరు చివరి సోమవారం. ఆ రోజు మా ఫ్లాట్‌లో వంట నా వంతు. ఊరి శివారు లోవర్ హట్‌లో నలుగురం కలిసి ఉండేవాళ్ళం, చికెన్ ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టి వచ్చాను. ఐదు గంటల రైలు తప్పిపోతే ఆ కోడి రెండోసారి చచ్చిపోతుంది. మీట నొక్కాను, షీటు పంపాను, అలవాటుగా అచ్చు తీసి ఆవిడ బల్ల మీద పడేసి, చదవకుండానే బ్యాగు తగిలించుకున్నాను. ఆవిడ టీ కప్పు మీంచి నన్ను చూశారు గాని ఏమీ అనలేదు.

రైలు సముద్రం పక్కన మలుపు తిరుగుతుండగా ఫోను మోగింది. ఆ షీటు వెళ్ళిన ఇంగ్లండు కంట్రోల్ రూములో రాత్రి డ్యూటీ చేసే ఆయన జవాబు పంపాడు: షీటు అందింది, ధన్యవాదాలు, ఈ వారాంతం గడియారాలు వెనక్కి తిప్పారు కదా, జీవితంలో మొదటిసారి ఒక గంట ఎక్కువ నిద్రపోయాను, అని. చదివి నవ్వుకున్నాను. ఫోను జేబులో పెట్టుకున్నాను. నవ్వు ఇంకా మూతి మీద ఉండగానే, ఆ గడియారాల మాట మళ్ళీ చదవడానికి ఫోను బయటికి తీశాను.

ఇక్కడ మేం సెప్టెంబరు చివర గడియారం ముందుకు తిప్పుతాం, అక్కడ వాళ్ళు అక్టోబరు చివర వెనక్కి తిప్పుతారు. మధ్యలో ఉన్న నాలుగు వారాలు పన్నెండు గంటల తేడా, ఆ తర్వాత పదమూడు. నా స్క్రిప్ట్‌కు పన్నెండే తెలుసు. షీటులో సముద్రం రెండు గంటల దాకా బుద్ధిగా ఉంటుందని రాశాను. నిజానికి అది ఒంటిగంటకే లేస్తుంది. రెండింటికని ధీమాగా పనిచేసుకునేవాళ్ళు నిచ్చెన దిగేవేళకు, కింద పడవ అలల మీద గుర్రంలా ఎగురుతుంటుంది.

ఇక్కడ నా గుణం దాచకుండా చెప్పాలి. మొదట నాకు గుర్తొచ్చింది వాళ్ళు కాదు, ఈ దేశంలో స్థిరపడేందుకు కావలసిన నా రెసిడెన్సీ. దరఖాస్తు అప్పుడే పెట్టాను, అది మొత్తం ఈ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. "సవరించిన షీటు" అని పేరు పెట్టి చడీచప్పుడు లేకుండా ఇంకొకటి పంపేస్తే? చూస్తే చూస్తారు. కాని వాళ్ళు మొదటి షీటే అచ్చు తీసి పడవలో అంటించుకుంటారని నాకు తెలుసు. హైమవతి గారికి ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"ఇప్పుడు అక్కడ టైమెంత?"

"నాలుగుంబావు. ఈసారి కరెక్టే మేడమ్."

"పడవలో ఎంతమంది?"

"ఎనిమిది మంది."

"మరి నాకెందుకయ్యా చేస్తున్నావు?" అని ఫోను పెట్టేశారు.

పెటోనీ స్టేషన్లో దిగిపోయాను. ప్లాట్‌ఫారం మీద గాలికి మాట వినిపించక, టికెట్ మిషన్ వెనక నక్కి, భూగోళం అవతలికి ఫోను చేశాను. నాటకీయంగా ఉంటుందని ఊహించుకున్నాను: అవతల కుర్చీలోంచి ఎవరో దిగ్గున లేస్తారు, గంటలు మోగుతాయి. "షీటు తప్పు, ఆ తప్పు నాది, సముద్రం లేచేది రెండింటికి కాదు, ఒంటిగంటకు" అని చెప్పాను. ఆ డ్యూటీ ఆయన ఆవలించి, "ఒంటిగంటకా? సరే. పాతది చింపేసి పడవ కెప్టెన్‌కు ఇప్పుడే చెబుతాను. అయితే లంచ్ ఒడ్డునే చేస్తారు," అన్నాడు. అంతే. నా జీవితంలోని అతిపెద్ద సాహసకృత్యం నిమిషన్నరలో ముగిసింది. తర్వాతి రైలు ఇరవై నిమిషాలకు వచ్చింది. చికెన్ బాగానే ఉంది.

పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి కబురు వచ్చి ఉంది: పన్నెండింటికే ఎనిమిది మందినీ దింపేశారు, ఒంటిగంటకు సముద్రం లేచింది. గ్రెగ్‌కు అంతా చెప్పాను. అతను నిక్కరు జేబుల్లో చేతులు పెట్టుకుని విని, "ఫారం నింపు" అన్నాడు. ఫారంలో పొరపాటు ఎవరిదన్న చోట నా పేరు రాసి తెచ్చాను. హైమవతి గారు తీసుకుని, కింద తన పేరు కూడా రాశారు.

"మీరెందుకు మేడమ్? మీరు విననే లేదు గద."

"అదే నేను చేసింది. నువ్వు బ్యాగు తగిలించుకుని పోతుంటే టీ తాగుతూ కూర్చున్నాను. 'ఇటు రా నాయనా' అనడానికి ఎంత సేపు? పిల్లాడు కదా, విసుక్కుంటాడేమో అని మొహమాటపడ్డాను. మొహమాటానికి కూడా ఒక గడి ఉండాలి ఫారంలో."

నాకు కళ్ళు మండాయి. దక్షిణపు గాలి అనుకుందామంటే కిటికీ మూసే ఉంది. మూసినా ఈల వేస్తోంది. ఆవిడ ఆ తప్పు షీటు తీసి, రెండు గంటలు అన్న అంకె మీద ఎర్ర పెన్సిల్ గీత గీసి, పైమూలన ఎనిమిది వేసి సున్నా చుట్టి, మడతలు పెట్టి కిటికీ సందులో దూర్చారు. ఈల ఆగిపోయింది.

"అయ్యో, పారేయకుండా దాన్నెందుకు మేడమ్?"

"దేనికో దానికి పనికి రావాలి కదా, నీలాగ," అని టీ పోశారు.

ఆ తర్వాత చదవకుండా ఒక్క షీటూ పంపలేదు. రిటైరయ్యాక ఆవిడ కూతురితో కలిసి ఇంగ్లండు వెళ్ళారు, మొదటిసారి తన సముద్రాన్ని చూడటానికి. ఇన్నేళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టిన గాలిమరలను ఒడ్డు నుంచి కళ్ళారా చూస్తారని నేను ఇక్కడ పండగ చేసుకున్నాను. ఫొటో వచ్చింది. మొత్తం తెల్లగా ఉంది, మూలన ఒక సీగల్ పక్షి కాలు. కింద రాశారు: "దట్టంగా పొగమంచు. ఏమీ కనిపించలేదు. నిన్నటి షీటులో మీరు పొగమంచనే రాశారట కదా. సరిగ్గా రాశారు." ఇంత మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు నేను నిలబడి చదువుతాను, గ్రెగ్ వింటాడు. మొదటి రెండు ప్రశ్నలు తెలుగులోనే అడగాలని అతని పట్టుదల. "ఎంటా మండీ?" అంటాడు. నేను అంకె చెబుతాను. ఆ అంకె నోటితో పలికేటప్పుడు ఒక్క క్షణం, ఇప్పటికీ, పెటోనీ ప్లాట్‌ఫారం గాలి నా చెవులకు తగులుతుంది. ఆవిడ నాకు ఇచ్చింది అదే. నేను ఎన్నడూ చూడని మనుషులు రోజూ ఒకసారి నా నోట్లోంచి వెళ్తారు, కాస్త చూసుకుని పంపమన్నట్టు.

మంగళవారం ఆ కాగితాన్ని విప్పి చూశాను. ఎర్ర గీత వెలిసింది గాని ఎనిమిది స్పష్టంగా ఉంది. మళ్ళీ మడిచి సందులో పెట్టాను. ఈల ఆగలేదు. మనసు ఆగక హాబ్సన్‌విల్‌కు ఫోను చేశాను. కాగితం దొరికిందని, ఆ రోజు మీరు ఫోను పెట్టేసినందుకు ఇన్నాళ్ళ తర్వాత థాంక్స్ చెబుదామనుకుంటున్నానని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. వెనకాల ఈల ఆవిడకూ వినిపించినట్టుంది.

"ఎన్ని మడతలు పెట్టావు?" అన్నారు.

"మూడు."

"మూడు చాలవు. ఆ కిటికీకి నాలుగు పెట్టాలి."