మౌలాలి ఇంట్లో ఆ అమ్మ

దయ్యాల మాటెత్తితే మా నాన్నగారు నవ్వి ఊరుకునేవారు కాదు, అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేవారు. మిషన్ బడిలో హెడ్మాస్టరు. ఆయన పెంపకంలో పెరిగినదాన్ని, నాకూ ఆ నమ్మకాలు లేవు. ఇప్పటికీ లేవు. చీకట్లో ఒక్కదాన్నే పెరట్లోకి వెళ్లి నీళ్లు తోడుకొస్తాను. పైగా నేను చెప్పబోయే దాంట్లో చీకటే లేదు. అంతా పట్టపగలు, భోజనాలయ్యాక జరిగింది.

మాది గుంటూరు వైపు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు మావారికి సికింద్రాబాదులో సర్కారు బడి ఉద్యోగం వచ్చింది. ఆయన సైన్సు మాస్టారు. అప్పట్లో మా వైపు నుంచి ఇలా చాలామంది వచ్చారు. మౌలాలిలో రైల్వే క్వార్టర్లు దాటాక ఒక సందులో ఇల్లు దొరికింది. రెండు గదులు, వంటిల్లు, చుట్టూ నిలువెత్తు గోడ, లోపల చిన్న వాకిలి. వాకిలి మూల గోరింటాకు చెట్టు. మెట్టు మీద కూర్చుంటే మౌలాలి గుట్ట కనిపించేది. అద్దె మరీ తక్కువ చెప్పాడు ఇంటాయన. ఆ సందులో అప్పటికి చాలా ఇళ్లకు తాళాలే ఉన్నాయి.

మాకు ముందు ఆ ఇంట్లో ఉన్నది మహబూబ్ బీ, ఆమె భర్త. ఆయన నిజాం సైన్యంలో చేసేవాడట. సైన్యాన్ని రద్దు చేశాక ఉద్యోగం పోయింది, బయట మొహం చూపించాలంటే భయం పట్టుకుంది. చుట్టాల వెంట బొంబాయి వెళ్లి అక్కడి నుంచి ఓడలో కరాచీ పోయారు. వాళ్లకు పిల్లలు లేరు. ఇదంతా నాకు చెప్పింది గోడకు అవతలి ఇంట్లో ఉండే ఖాసిం బీ.

మహబూబ్ బీని నేను కళ్లతో చూడలేదు. కానీ ఆమె పేరు వినకుండా నాకు ఒక్క పూట గడవలేదు. పాలవాడికి అది మహబూబ్ బీ ఇల్లు. కూరలమ్మే ఆవిడకి మహబూబ్ బీ ఇల్లు. చుట్టం వచ్చి మా ఇల్లెక్కడని అడిగితే సందు మొదట్లోనే ఆమె పేరు చెప్పి పంపారు. సందులో ఆడపిల్లలందరికీ పండగలకు గోరింటాకు ఆమే పెట్టేదట. ఆమె ఎంత మెత్తగా మాట్లాడేదో, ఆమె చేతి ఖిచిడీ ఎలా ఉండేదో ఖాసిం బీ కళ్లు తుడుచుకుంటూ చెప్పేది. నేను చేసిన పులుసు ఇస్తే మాత్రం గిన్నె కడిగి ఇచ్చేసి ఊరుకునేది.

అదైనా ఓర్చుకున్నాను. ఒకరోజు మావారు వంటింట్లో అరుగూ, అలమరా చూసి, "ఎంత పొందికగా కట్టించుకుందో మహాతల్లి" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అలమరలో డబ్బాలు సర్దింది నేను, తుడిచింది నేను. మెప్పు మాత్రం ఊరు విడిచిపోయినావిడకు. దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా?

మా పాపకు అప్పుడు రెండేళ్లు నిండి ఉంటాయి. దానికి అన్నం పెట్టడం నాకు పెద్ద సంబరం. ముద్ద కలిపి, వేడి చూడటానికి నా పై పెదవికి ఒకసారి తాకించి, అప్పుడు దాని నోట్లో పెట్టేదాన్ని. మా అమ్మ నాకు అలాగే పెట్టేది. అలాంటి పిల్ల మౌలాలి వచ్చాక నా చేతి ముద్ద ముట్టడం మానేసింది. మానేసినా చిక్కలేదు, ఇంకా బుగ్గలు వచ్చాయి.

మధ్యాహ్నం వీధి తలుపు గడియ పెట్టి దాన్ని పక్కలో వేసుకుని పడుకునేదాన్ని. లేచేసరికి పక్కలో ఉండేది కాదు. వాకిలి మెట్టు మీద ఒక్కతే కూర్చుని, కడుపు నిండినదానిలా నోరు ఆడిస్తూ ఉండేది. చుట్టూ గిన్నె లేదు, మెతుకు లేదు. ఎవరు పెట్టారని అడిగితే "ఆ అమ్మ" అనేది. ఖాసిం బీ గోడ మీంచి ఏదైనా అందిస్తోందేమోనని అడిగాను. ఆవిడ లేదని ఒట్టేసి చెప్పింది. ఆ గోడ నాకే అందదు, ఆవిడ నా భుజం దాకా వస్తుంది.

కన్నదాన్ని నేనుండగా ఈ అమ్మ ఎవరు? నా మనసంతా అదే.

బక్రీదు ముందురోజు ఖాసిం బీ వచ్చి పాపకు గోరింటాకు పెడతానంది. మా చర్చి సంఘంలో పువ్వులూ గోరింటాకులూ పనికిరావని కొంచెం గట్టిగానే చెప్పి పంపాను. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే గడియ పెట్టి పడుకున్నాం. లేచి చూద్దును కదా, మెట్టు మీద పాప రెండు అరచేతులూ చూసుకుంటూ కూర్చుంది. రెండూ ఎర్రగా పండి ఉన్నాయి. అరచేతి మధ్య చందమామ, వేళ్లకు టోపీలు.

గోరింటాకు పండాలంటే ఎంతసేపు కదలకుండా కూర్చోవాలో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. మా పాప నిమిషం ఒకచోట ఉండే రకం కాదు. రోలు చూశాను, పొద్దున రుబ్బిన మినప్పిండి చారలు అలాగే ఎండి ఉన్నాయి. నేల మీద ఆకు ముక్క లేదు. తలుపు గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

పిల్లను చంకనేసుకుని ఖాసిం బీతో తగువుకే వెళ్లాను. ఆవిడ పాప ఎడమ చెయ్యి పట్టుకుని చూసి, గడప మీద కూలబడిపోయింది.

"చిటికెన వేలు ఇడిసిపెట్టిన్రు సూడమ్మా," అంది. "నజర్ తగలొద్దని గట్ల ఇడిసిపెట్టేది మా మహబూబ్ బీ ఒక్కతే."

నిజమే, ఆ ఒక్క వేలుకే రంగు లేదు. సాయంత్రం మావారు సబ్బుతో రుద్దారు, కిరసనాయిలుతో తుడిచారు, పోలేదు. చివరికి, "పోనీలే, చేతులు ముచ్చటగా ఉన్నాయి" అన్నారు. ఎరుపు చూసి వేసిన భయం కంటే ఆ మాటకే నాకు ఎక్కువ మండింది.

మహబూబ్ బీ దారిలోనే, ఓడలోనో బొంబాయిలోనో చచ్చిపోయి ఉంటుందని నిశ్చయించుకున్నాను. అలా అనుకున్నాక నాకు కాస్త స్థిమితంగా కూడా అనిపించింది. చచ్చినదైతే ఇంటిని ఇవాళ కాకపోతే రేపైనా వదులుతుంది. పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించాను. మర్నాడూ పాప మెట్టు మీదే ఉంది. ఆ కోపంతో కత్తి తీసుకుని గోరింటాకు చెట్టును మొదలంటా నరికేశాను.

అప్పటి నుంచి పాప ఎవరి చేతి అన్నమూ తినలేదు. నాది వద్దంది. మెట్టు మీదకు వెళ్లి కూర్చునేది, ఎవరూ రావడం లేదని చూసి లేచి వచ్చేది. బుగ్గలు పోయాయి, మెడ సన్నబడింది. డాక్టరు జబ్బేమీ లేదన్నాడు. పిల్ల నా కళ్ల ముందే కరిగిపోతుంటే ఇక పంతమేముంది? ఒక మధ్యాహ్నం చెట్టు మొదలు దగ్గర కూర్చుని చెంబుతో నీళ్లు పోశాను. "దాని కడుపు మాడ్చకు, నువ్వే పెట్టుకో" అన్నాను. అంటూ ఏడ్చాను. మొదలు నుంచి చిగుళ్లు వచ్చాయి. పాప మళ్లీ నిండింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మహబూబ్ బీ తమ్ముడు ఖాసిం బీ ఇంటికి వచ్చాడు. అతను ఇక్కడే ఉండిపోయాడట. పర్మిట్ మీద ఈమధ్యే కరాచీ వెళ్లి వచ్చాడట. మా గుమ్మం దగ్గర నిలబడి, రమ్మన్నా లోపలికి రాకుండా, గోరింటాకు చిగుళ్ల వంక చూశాడు. మీ అక్క ఎలా పోయిందని అడిగాను. అతను తెల్లబోయాడు.

"మా అక్క పోవుడేందమ్మా, మంచిగున్నది. ఏం తక్లీఫ్ లేదు. పగటీలి పండుకుంటె మాత్రం ఎవల్ని లేపనియ్యది. ఇంటికి పోయొస్త అంటది."

చచ్చిన మనిషి అయితే ఒక దారి. ఎక్కడో సముద్రం అవతల అన్నం వండుకుని తింటూ, బట్టలు ఉతుక్కుంటూ బతికి ఉన్న మనిషి రోజూ మధ్యాహ్నం నా వాకిట్లోకి వస్తుంటే, ఏం చేసి ఆపను? మావారికి చెబితే నమ్మలేదు. కొట్టిపారేయనూ లేదు.

ఇంతలో ముల్కీ గొడవలు మొదలయ్యాయి. బయటివాళ్లు వెళ్లిపోవాలని ఊరేగింపులు. నిన్నటిదాకా పలకరించిన వాళ్లు మొహం తిప్పుకున్నారు. వెళ్లగొట్టేదాకా ఎందుకని మావారు ఉద్యోగం వదిలేశారు. సామాను బండికెత్తాక పాప మెట్టు వైపు తిరిగి చెయ్యి ఊపింది. నేను మటుకు అలమర చూస్తూ నిలబడిపోయాను. రేపు ఏ ముక్కూమొహం తెలియనావిడో వచ్చి అందులో డబ్బాలు సర్దుకుంటుంది. ఇష్టపడి చేరిన ఇల్లు కాదు, అయినా నా ఇల్లు. గుంటూరు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

చాలా ఏళ్లకు చుట్టాల పెళ్లికి సికింద్రాబాదు వచ్చి, మోండా మార్కెట్‌లో కూరలు కొంటుంటే ఖాసిం బీ గుర్తుపట్టింది. బాగా ముసలిదైపోయింది. పక్కన ఒకావిడ, చంకలో చిన్నపిల్ల. "గీమె ఇప్పుడు మీ ఇంట్ల ఉంటున్నది" అంది ఖాసిం బీ. ఆ ఇంటిని ఆవిడ నా ఇల్లు అనడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ పిల్ల నన్ను చూడగానే చేతులు చాచి నా మీదికి దూకింది. కొత్త మొహం చూసి బెదరలేదు. నా కొంగు పట్టుకుని పెదవి వంక చూస్తోంది. వాళ్లమ్మ పిల్లను లాక్కుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నా చేతి బువ్వ తింటలేదక్కా," అంది. "ముద్ద పెదిమెకు తాకిచ్చి పెట్టాల్నట. ఆ అమ్మ గట్లనే పెడతదట."

ఆమె కళ్లలో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. చాలాకాలం అది నా కళ్లలో ఉంది. ఆ అమ్మ ఎలా ఉంటుందట అని అడిగాను.

"ఇద్దరట," అంది. "మెట్టు మీద చెరోపక్క కూసుంటరట. ఒకరితోని ఒకరు మాట్లాడరట."

ఇది ఎలా సాధ్యమో నాకు తెలియదు. గుంటూరు వచ్చాక నాకు మధ్యాహ్నం నిద్ర మరీ ఎక్కువైన మాట నిజం. కల వచ్చినట్టు ఒక్కసారీ గుర్తులేదు. మావారు చివరిదాకా కారణాలు వెతికారు, దొరకలేదు. నేను వెతకడం మానేశాను.

భోజనమయ్యాక నన్ను లేపొద్దని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను. ఆ పసిదాన్ని మహబూబ్ బీ ఒక్కదానికే వదిలేసి రావడం నాకు ఇష్టం లేదు.