అటు రెండు, ఇటు రెండు

మనవరాలి పలకను తడిగుడ్డతో తుడుస్తుంటే సుద్ద వాసన వస్తుంది. శారద టీచరు గారు గుర్తొస్తారు. ఆవిడ గురించి రాయాలని ఎప్పటినుంచో ఉన్నా, నాకు రాయడం వచ్చేది కాదు. యాభై దాటాక ఆవిడ దగ్గరే అక్షరాలు దిద్దాను. వాక్యం రాసే ధైర్యం వచ్చేసరికి ఆవిడ లేరు.

కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, కొవ్వూరులో మా చేపల బజారు వెనక వీధిలో ఉండేవారు. అమ్మకం అయ్యాక నేను వాళ్ళ అరుగు మీద కూర్చునేదాన్ని. "చేతులు నీచు వాసనండి" అంటే, "పలకకి ముక్కు లేదులే, రాయి" అనేవారు.

బజారులో మా వరసలో కూర్చుని చేపలమ్మేది ఐదుగురం. ఏది తేల్చాలన్నా చేతులెత్తుతాం, ముగ్గురెత్తితే సరే. పేరుకి అంతే. అందరిలో పెద్దది పోలమ్మత్త. ఆవిడ చెయ్యి చూసే మిగతావాళ్ళం ఎత్తేవాళ్ళం. అలాంటి రోజుల్లో, భర్త పోయిన నాగమణి మా వరసలో చోటు అడిగింది. చిన్నపిల్లల తల్లి, వేరే దారి లేదు. పోలమ్మత్త మొహం చిట్లించింది. మర్నాడు తేల్చాలి.

"నాకు ఇవ్వాలనే ఉందండి. కానీ నా ఒక్క చెయ్యి లేస్తే ఎంత, లేవకపోతే ఎంత?" అన్నాను టీచరు గారితో.

ఆవిడ ఐదు గవ్వలు తెచ్చి పరిచారు. వెల్లకిలా ఉంటే ఔను, బోర్లా ఉంటే కాదు. "ఇది నీది. తిప్పు." మిగతావాటిలో మూడు వెల్లకిలా ఉన్నాయి; నాది ఎటు తిప్పినా తీర్పు మారలేదు. ఆవిడ ఒకటి బోర్లించారు. అటు రెండు, ఇటు రెండు. ఈసారి నా గవ్వతోపాటు తీర్పూ తిరిగింది.

"దీన్ని ప్రభావం అంటారు మంగా. మీ వరసలో ఎవరి గవ్వకుంది?"

"పోలమ్మత్తదానికేనండి. మావి దాన్ని చూసి పడతాయి."

పకపకా నవ్వారు. "అయితే ఆడేది ఒక్క గవ్వే. మీ నాలుగూ అలంకారానికి!"

"నేనెత్తి నాగమణి పని చెడగొడతానేమోనండి."

"'ఔను'కి ఇంకో 'ఔను' కలిస్తే తీర్పు 'కాదు' వైపు ఎన్నడూ పోదు. నీ చెయ్యి నాగమణికి చెరుపు చెయ్యలేదు. పనికొస్తుందో లేదో మాత్రం ముందే తెలీదు. అందుకే మిగతావాళ్ళు అటు రెండు, ఇటు రెండు ఉన్నారనుకునే ఎత్తాలి." ఇప్పటికీ ఏ పనికి వెనకాడినా నాకు ఆ మాటే వినిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే, పోలమ్మత్త కదలకముందే చెయ్యెత్తాను.

"ఏంటే, భుజం పట్టేసిందా?" అంది ఆవిడ. ఎవరో కిసుక్కుమన్నారు.

"నాగమణికి చోటిద్దామత్తా" అన్నాను.

చివర కూర్చున్న సత్యవతి మెల్లగా చెయ్యెత్తింది. మిగతా ఇద్దరూ పోలమ్మత్త చెయ్యి వైపే చూస్తున్నారు. నా చెయ్యి లాగేస్తోంది. మూడో చెయ్యి లేచేదాకా దించలేదు.